సూతున్నర

ఫ్రిజ్ షాపు వాడి దగ్గర కొన్నాడట.
చుట్ట చుట్టిన రాగి గొట్టం
జిలేబీలా రెండు వేళ్ళతో పట్టుకొచ్చి
నా బల్ల మీద పెట్టాడు జోజిబాబు.
"ఇదెయ్యమ్మాయ్. తుప్పు పట్టదు. ఇంకేం చెప్పకు."

వ్యాను కింద దూరి చూశాను.
రోజూ గిలకలదిండి నుంచి చేపల పెట్టెలు,
బందరు రోడ్డు పొడవునా
ఐసు కరిగి కారిన ఉప్పునీళ్ళు.
ఇనుప పైపు పొరలు పొరలుగా లేచి ఉంది.
గోటితో గీకితే వేపిన కారప్పొడిలా రాలింది.
ఒకచోట చెమట. తుడిస్తే జిడ్డు.
"ఎన్నాళ్ళ నుంచి ఇట్లా తిరుగుతున్నావు?"
"రెండుసార్లు కొడితే పట్టుద్దిగా పెడలు,"
అన్నాడు, మిగతాది గుణదల కొండకి వదిలేసి.

రాగి మంచిదే.
చేత్తో వంచితే వంగుతుంది,
తిట్టక్కర్లేదు.
మా నాన్న సిలార్ సాయిబు
ఆటోనగర్ అడ్డరోడ్డులో ముప్పై ఏళ్ళు రాగే వేశాడు,
అంబాసిడర్లకీ మటాడోర్లకీ,
గాజులవాడు చెయ్యి నొక్కి గాజెక్కించినట్టు
ఛాసీ సందుల్లోంచి నెమ్మదిగా ఎక్కించేవాడు.

కానీ రాగి
ఏ కుదుపునీ మరిచిపోదు.
గుంటలో పడ్డ ప్రతిసారీ
లోపల కాస్త బిగుసుకుంటుంది.
పైకి అదే నునుపు. అదే మెరుపు.
మెత్తనిదేననుకుంటూ ఉంటాం.

దుర్గకొండ ఘాట్ రోడ్డు దిగుతుంటే
నాన్న కాలి కింద పెడలు
ఉత్తదైపోయింది.
రెండో గేరు. హ్యాండ్ బ్రేకు. పిట్టగోడ.
బతికాడు.
అప్పటి నుంచి ఎడమ మోకాలు
వాన సంగతి ఒకరోజు ముందే చెప్పేది.
పైపు ఎవరు వేశారని ఎవరూ అడగలేదు.
ఆ అడక్కపోవడమే ఆయన్ని తినేసింది.
నట్టు మెడ దగ్గర జానెడు ముక్క కోసి
కేలండరు మేకుకి తగిలించాడు.
కేలండర్లు మారాయి.

స్టీలు?
అది దాచుకోదు, తుప్పంతా బయటపెడుతుంది.
కానీ చేపల బండి కింద
రెండు వానాకాలాలు గడిస్తే గొప్ప.
స్టెయిన్‌లెస్సు మూతి తిప్పబోతే
నా పనిముట్టు దవడలే అరిగిపోతాయి.
సరిగ్గా కూర్చోక కారుతుంది కూడా.

అటక మీది చుట్ట దించాను.
సూతున్నర లావు, కుప్రోనికెల్.
పాలెక్కువైన టీ రంగు.
"రాగిలోనే పదో వంతు నికెలు.
వంగుతుంది, తుప్పు పట్టదు,
కుదుపుకి అంత తొందరగా అలిసిపోదు.
పాత పావలా బిళ్ళ దీనికి వరసకి అన్న."
"ఆ పావలా కూడా చెల్లడం మానేసిందిగా!"
నవ్వాడు. ధర చెప్పాను. నవ్వు ఆగింది.
"ఆ డబ్బుకి వంజరం వస్తుందమ్మాయ్, రెండు కేజీలు."

నేనేం మాట్లాడలేదు.
మేకు మీది ముక్క తీసి చేతిలో పెట్టాను.
ఎండకి ఎత్తి చూశాడు.
"బానే ఉందిగా?"
"కంటితో కాదు. గోటితో."
బొటనవేలి గోరు మెడ దగ్గర
టక్కున ఆగింది.

చాలాసేపు దాన్నట్లాగే పట్టుకున్నాడు.
ఎవరి పైపని ఆయనా అడగలేదు.
"ఒక నూరు తగ్గించు," అన్నాడు చివరికి.

సాయంత్రం దాకా పట్టింది పని.
మూతులు రెండు మడతలు తిప్పి,
స్ప్రింగుకి రాసుకోకుండా క్లిప్పులు బిగించి,
కొత్త ఆయిలు పోసి,
నేను చక్రం పక్కన, ఆయన సీట్లో:
తొక్కు.
పట్టు.
వదులు.
తొక్కు.
సీసాలో బుడగలు,
తర్వాత చిన్న బుడగలు,
తర్వాత బుడగే లేని సన్నటి ధార.
"ఇప్పుడు?"
"గోడని తొక్కినట్టుంది," అన్నాడు.

రెండొందలు తక్కువిచ్చి పోయాడు.
ఫ్రిజ్ రాగి చుట్ట నా బల్ల మీదే
బాకీకి తాకట్టుగా మెరుస్తోంది.
మెత్తగా, ముద్దుగా.
బ్రేకుల వైపు రానీయకుండా
దాన్ని అటక మీద పడేశాను.